గడచిన కాలమును చెప్పు విధము

అచ్చంపేట బస్సు స్టాండులో ఎవరినైనను "శ్రీశైలము బస్సు పోయినదా?" అని అడిగినచో, "ఇప్పుడే పోయినది" అనియో, "పావుగంట అయినది" అనియో చెప్పుదురు. "9 గంటల 42 నిమిషముల 17 సెకండ్లకు పోయినది" అని చెప్పువారుండరు. వినువానికి కావలసినది ఎంతసేపు గడచినదను సంగతియే. మన పెద్దలు జాములతోను గడియలతోను కాలమును కొలిచిన నాడును ఇదే తీరు. గడియ యనగా 24 నిమిషములు.

చేతిఫోనులో వార్తల క్రింద "5 నిమిషాల క్రితం" అని యుండుట మీరు చూచియే యుందురు. యంత్రమునకు ఈ మాట ఎట్లు తెలిసినది? పెక్కు కంప్యూటరులకు కాలమనగా ఒక పెద్ద సంఖ్య. గ్రీనిచ్ కాలమానము ప్రకారము 1970 జనవరి 1వ తేదీ ప్రారంభమైన క్షణము, అనగా మన దేశమున నాటి ఉదయము 5 గంటల 30 నిమిషములు మొదలుకొని గడచిన సెకండ్ల లెక్క అది. ఇప్పటి సంఖ్యనుండి వార్త వెలువడినప్పటి సంఖ్యను తీసివేయగా 300 మిగిలినచో, దానిని 60చే భాగించి 5 నిమిషములని గ్రహించును.

లెక్క సులభమే, కష్టమంతయు మాటలోనున్నది. ఒకటి యైనచో "నిమిషం క్రితం", అంతకు మించినచో "నిమిషాల క్రితం" అనవలెను. "1 రోజుల క్రితం" అని వ్రాసిన యంత్రమును చూచి తెలుగు పండితుడనైన నేను ఊరకుండలేను! అరబ్బీ భాషలో సంఖ్యను బట్టి ఇట్టి రూపములు ఆరు విధములు. హిందీలో నిన్నకును రేపునకును ఒక్కటే మాట. ఆంగ్లేయులకు వాడుకలో 'మొన్న'కు ఒంటిపదము లేదు. మనకో, మొన్న, నిన్న, రేపు, ఎల్లుండి నాలుగును కలవు. పెక్కు భాషల ఈ రూపములను యూనికోడ్ సంఘము సేకరించి, ప్రోగ్రాములు వ్రాయువారికి అందించుచున్నది.

ఒకసారి నా పూర్వ విద్యార్థి అప్పుడే పంపిన సందేశము క్రింద "5 గంటల క్రితం" అని పడినది. ఆలస్యముగా చూచితినని నేను నొచ్చుకొంటిని; వాడు నవ్వెను. గ్రీనిచ్ లెక్కలో వ్రాసిన కాలమును మన గడియారపు కాలముగా చదివినచో ఇట్లగును. మనము వారికంటె ఐదున్నర గంటలు ముందు గదా.

ఇది నవ్వులాటతో పోయినది. అన్నియు అట్లు పోవు. వేరుశనగ ధర సోమవారము ఉదయము 10 గంటలకు ఫోనులో వెలువడినదనుకొనుడు. అచ్చంపేట సమీపమున నొక రైతు బుధవారము ఉదయము 8 గంటలకు దానిని చూచెను. గడచినవి 46 గంటలు. 24చే భాగించి, శేషమును విడిచిపెట్టిన ప్రోగ్రాము "1 రోజు క్రితం" అని చూపును. రైతు అది నిన్నటి ధర యని తలచి, బస్తాలను బండి కెక్కించును. కాని యది మొన్నటి ధర, మంగళవారము తగ్గియుండవచ్చును. భాగహారము తప్పలేదు, కాని రైతు మోసపోయెను.

అందువలన రోజుల విషయమున గంటలను భాగింపక, అర్ధరాత్రులను లెక్కింపవలెను. నడుమ రెండు అర్ధరాత్రులు గడచినచో "మొన్న" అనుటయే సరి. వారము దాటినచో తేదీనే వేయుట మేలు. జాగ్రత్తగల వారు మరియొక సదుపాయమును గూడ చేయుదురు: ఆ మాటపై వ్రేలు నొక్కినచో "సోమవారము, ఉదయము 10 గంటలు" అని అసలు కాలము కనబడును.