అదిరిందా... అదిరిపడ్డారా?

హీరో తెరమీదికి రాగానే కర్నూలు కుర్రాడు ఈలేసి అనే మాట ఒక్కటే - "అదిరిందిరా!"

తమాషా ఏమిటంటే, అదరడమంటే అసలు వణకడమే. భయంతో గుండె అదురుతుంది. కోపమొస్తే పెదవి అదురుతుంది (మన హీరోయిన్లకిది వెన్నతో పెట్టిన విద్య!). ఆడవాళ్లకు ఎడమ కన్నూ, మగవాళ్లకు కుడి కన్నూ అదిరితే శుభమంటారు. ఇలాంటి మాట మెచ్చుకోలు ఎట్లా అయిందంటారా? చూసేవాడి ఒళ్లు జలదరించేంత బాగుందన్నమాట! జూనియర్ ఎన్టీఆర్ 2010 సినిమా పేరే 'అదుర్స్'. 2017లో తమిళ 'మెర్సల్' తెలుగులో 'అదిరింది' అయి కూర్చుంది.

అంతవరకూ సరదాయే. కానీ 1999లో 'సమరసింహారెడ్డి' విజయఢంకా మోగించాక తెరమీద సీమ అంటే కత్తులూ, బాంబులే! 2003లో 'ఒక్కడు' చూస్తూ, కొండారెడ్డి బురుజు దగ్గర ప్రకాష్‌రాజ్‌ని మహేష్‌బాబు కొడుతుంటే అందరం ఈలలేశాం. నేనూ వేశాను, అబద్ధమెందుకు?

మరి హైదరాబాదులో అద్దెగది కోసం వెళ్లిన కడప కుర్రాడి సంగతో?

"ఏ వూరు బాబూ?"

"కడపండీ."

ఇంటాయన అదిరిపడతాడు. చదువుకోడానికొచ్చిన ఆ పిల్లాడి చేతిలో ఉన్నది పుస్తకాల సంచీయే!