మోకాలిచిప్పపై వంటింటి వైద్యము

సైకిలు నేర్చుకొనుట యనగా సగము త్రొక్కుట, సగము పడుట. తెలుగునాట మోకాలిపై గాని మోచేతిపై గాని ఒక పాత మచ్చ లేకుండ సైకిలు నేర్చినవాడు అరుదు. సీటుపై కూర్చుండిన కాళ్లందని బాలుడు పెద్ద సైకిలు కడ్డీ క్రిందుగా కాలు దూర్చి, ఒక ప్రక్కకు వ్రాలి, పెడలును అరచుట్టు మాత్రమే త్రొక్కుచు పోవుట ఒకనాడు ప్రతి గ్రామమునను కనిపించిన దృశ్యము. గంటకింత యని అద్దె కట్టి తెచ్చిన బండి గనుక, పడినవాడు ముందు హ్యాండిలు వంకరపోయినదా యని చూచుకొనెడివాడు. మోకాలు చూచుకొనుట ఆ తరువాతి మాట. అద్దె సైకిళ్ల దుకాణములు చాల మట్టుకు మూతపడినవి. సైకిలుపై బడికి వచ్చు బాలబాలికలు మాత్రము ఇప్పటికిని ఉన్నారు, పడుటయు ఉన్నది.

పడినవాడు కుంటుచు ఇంటికి వచ్చునప్పటికి వంటింట వైద్యసభ కూడును. "అమ్మాయీ, కాస్త పసుపద్దు, అదే మాడిపోతుంది" అని నాయనమ్మ కోడలితో ననును. "కాఫీపొడి అదమండి వదినగారూ, నెత్తురు ఇట్టే కడుతుంది" అని పొరుగింటి యామె గోడపైనుండి సలహా నిచ్చును. బడిలో నయినచో తోటి విద్యార్థులు దొడ్డిగోడ ప్రక్కనున్న గడ్డిచామంతి ఆకు దూసి, అరచేత నలిపి, పసరు పిండుదురు. ఇందరి ప్రేమలో నెవ్వరికిని తట్టని వస్తువు ఒకటి కలదు. అది చెంబెడు మంచినీళ్లు.

కత్తి తెగుటకును రోడ్డుపై చర్మము చెక్కుకొనిపోవుటకును భేదము గలదు. తెగిన గాయము లోతు, చెక్కుకొన్నది వెడల్పు. పై చర్మము చెరగిపోయి, దాని క్రింది నరముల కొసలు ఒక్కుమ్మడి బయటపడును. అందువలననే ఆ చిన్న గాయము అంత మండును. రక్తము ధారగా రాదు, చెమటవలె చుక్కలు చుక్కలుగా ఊరును. అయితే మానుట తేలిక. చర్మములోని రోమకూపముల అడుగున కొత్త చర్మకణములు మిగిలియుండును. అవి అంచులనుండియే గాక గాయము నడుమ నుండియు ద్వీపములవలె పెరిగి ఒకదాని నొకటి కలిసికొనును. కావున ప్రకృతి తన పని తాను చేసికొనగలదు. దాని దారికి అడ్డము వచ్చునవి రెండే: మురికి, మన తొందరపాటు.

కనుక మొదటి మందు నీరు. గాయమును శుభ్రమైన నీటి ధార క్రింద, కుళాయి యుండిన కుళాయి క్రిందనే, అయిదారు నిమిషములు పట్టవలెను. ఇందుకు ఉప్పునీటి సీసా కొనితేనక్కరలేదు. త్రాగదగిన నీరు చాలునని వైద్యుల పరిశీలనలు తేల్చినవి. చుట్టుప్రక్కల చర్మమును సబ్బుతో కడుగవచ్చును. ఇసుకరేణువులు, తారుముక్కలు కడిగినను పోనియెడల కాచి చల్లార్చిన నీట తడిపిన మెత్తని గుడ్డతో మెల్లగా తుడిచి తీయవలెను. పిల్లవాడు ఏడ్చునని జాలిపడి వదలిన మట్టి చర్మము క్రిందనే నిలిచి, పచ్చబొట్టువలె నల్లని మచ్చయై జీవితాంతము కనిపించును. రక్తము ఆగనిచో శుభ్రమైన గుడ్డ నద్ది, నడుమ తీసి చూడక, పది నిమిషములు ఒత్తి పట్టిన చాలును.

పసుపు మాట కొంత విపులముగా చెప్పదగినది. గాయములు మానుటకు పసుపు నుపయోగించు పద్ధతిపై 1995లో అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు పేటెంటు లభించినది. మన నాయనమ్మల చిట్కా సముద్రము దాటి ఒకరి సొత్తయినదన్న మాట! డాక్టరు మషేల్కరు నాయకత్వమున నున్న శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి దానిని సవాలు చేసి, సంస్కృత గ్రంథములను, 1953 నాటి భారత వైద్యసంఘ పత్రికలోని వ్యాసమును సాక్ష్యముగా చూపగా, 1997లో ఆ పేటెంటు రద్దయినది. ఇది గర్వింపదగిన విజయమే. అయినను ఆ తీర్పు తేల్చినది పసుపు వాడుక కొత్తది కాదని మాత్రమే. పోపులపెట్టెలోని పసుపు మోకాలికి తిరుగులేని మందని కాదు. పసుపులోని కర్క్యుమిన్ అను పదార్థమునకు సూక్ష్మజీవులను అణచు గుణము ప్రయోగశాలలో కనబడినది. కాని డబ్బాలో వంటచెంచాలు మునిగి లేచిన పొడి వేరు, ప్రయోగశాల వేరు. బజారు పసుపులో రంగుల కల్తీయు కలదు. కడిగిన గాయముపై చిటికెడు పసుపు వలన సాధారణముగా కీడు లేకపోవచ్చును. కడుగని గాయముపై అద్దినచో మాత్రము అది మురికికి కప్పిన దుప్పటి.

పసుపులో సున్నము కలిపిన ఎఱ్ఱబడుట పారాణి చూచిన ప్రతివారికి తెలియును. క్షారము తగిలిన కర్క్యుమిన్ రంగు మారుటయే దానికి కారణము; విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయునికి ఇంతకన్న చౌకయైన ప్రయోగము దొరకదు. ఆ ముద్ద బెణికిన చీలమండకు పట్టువేయుట పాత అలవాటు. చర్మము లేచిన చోట మాత్రము పెట్టరాదు. సున్నము పచ్చిపుండును కాల్చును.

గడ్డిచామంతి కథ మరియొక తీరు. బొగ్గుతో కలిపి నూరి నల్లబల్లకు పూసిన ఆకు అదియే గనుక పాతకాలపు ఉపాధ్యాయులకు అది చిరపరిచితము. కొన్ని చోట్ల దానికి గాయపాకు అనియే పేరు. ఇంతటి మన ఇంటి మొక్క నిజమునకు అమెరికా ఉష్ణప్రాంతములనుండి వచ్చిన పరదేశి. సుశ్రుతుడు దాని నెరుగడు. ఎలుకలపై జరిగిన ప్రయోగములలో దాని రసము గాయములపై కొంత మేలు చూపినది. కాని పశువులు తిరుగు బాటప్రక్క కోసి, మురికి చేతుల నలిపిన ఆకునకు ఆ ఫలితమును అంటగట్టరాదు.

సుశ్రుతుడు ఎరిగినది తేనె. చిక్కని తేనె సూక్ష్మజీవులలోని నీటిని పీల్చివేయును. తేమ తగిలినప్పుడు అందు స్వల్పముగా హైడ్రోజన్ పెరాక్సైడు పుట్టును. నేడు ఆస్పత్రులలో గాయములకు వాడు తేనె ప్రత్యేకముగా శుద్ధి చేయబడినది. అంగడిలోని పాకము తేనె దానికి సాటి కాదు.

కాఫీపొడి, బూడిద, పేడ, మట్టి, ఉమ్మి: ఇవి దాపరికము లేక కాదనవలసినవి. మట్టిలోను పేడలోను ధనుర్వాతపు క్రిములు విత్తనరూపమున ఏండ్ల తరబడి బ్రతికియుండును. జపాను శాస్త్రజ్ఞుడు కిటసాటో 1889లో ఆ క్రిమిని వేరుచేసి చూపెను. గాయము మానినట్లే కనబడును. 3 నుండి 21 దినములలో దవడ బిగియును, మెడ బిగియును, దేహము విల్లువలె వంగును. చికిత్స యున్నను ప్రాణము దక్కునని చెప్పలేము. దీనికి వంటింట మందు లేదు, టీకాయే మందు. మన దేశపు టీకాల పట్టికలో శైశవపు మోతాదులు గాక 10వ యేటను 16వ యేటను ధనుర్వాతపు టీకా కలదు. రెండును బడియీడు వయస్సులే. మురికి గాయమై, చివరి టీకా వేసి అయిదేండ్లు దాటినచో ఆలస్యము చేయక మరల వేయించవలెను. ఏ పిల్లవానికి ఎప్పుడు వేసినది పడిన దినమున వెదకికొనుటకన్న ముందే వ్రాసి యుంచుకొనుట సులభము.

ఒకప్పుడు ప్రతి బడి బీరువాలోను ఉండిన ఎఱ్ఱమందు, మెర్క్యురోక్రోమ్, పాదరసపు సమ్మేళనము. దాని భద్రతకు తగిన ఆధారము లేదని 1998లో అమెరికా ఔషధశాఖ తేల్చినది. టింక్చరు అయొడిను మండుట మందు పనిచేయుటకు గుర్తనుకొని పండ్లు బిగబట్టినవారెందరో! ఆ మంట వలన కొత్త కణములకును దెబ్బయే.

"గాలి తగలనీ, ఎండిపోతుంది" అను మాటయు నిలువలేదు. జార్జి వింటరు అను శాస్త్రజ్ఞుడు 1962లో పందిపిల్లల గాయములను గమనించి, గాలికి వదలిన వానికన్న పలుచని పొరతో కప్పి తేమగా నుంచినవానిపై కొత్త చర్మము సుమారు రెట్టింపు వేగమున పెరిగినట్లు ప్రకటించెను. కావున కడిగిన గాయముపై పలుచగా వాసెలిను పూసి, అంటుకొనని శుభ్రమైన కట్టు కట్టి, దినమున కొకసారి మార్చుట మేలు. వాసెలిను వంటింటిది కాకున్నను దాదాపు ప్రతి యింట నున్నదే.

గాయము చుట్టు ఎరుపు వ్యాపించుచున్నను, చీము పట్టినను, జ్వరము వచ్చినను, గులకఱాయి లోన నిలిచినను డాక్టరు వద్దకు పోవలెను. తల తగిలి వాంతియో మగతయో కలిగిన మోకాలి సంగతి అట్లుంచి పరుగెత్తవలెను. హ్యాండిలు కొస పొట్టలో గ్రుచ్చుకొన్న దెబ్బ పైకి చిన్న కమిలిన మచ్చయే కావచ్చును. లోపల కాలేయమో ప్లీహమో చిట్లియుండవచ్చును. తిట్లకు వెరచి పిల్లలు తరచుగా దాచునది ఈ దెబ్బయే. అద్దె సైకిలు రోజులలోను అంతే. పడిన సంగతి ఇంట తెలియుట కన్న మోకాటి మంటయే నయమనిపించెడిది.

పది పన్నెండు దినములకు పొక్కు రాలును. దానిని గోటితో పెకలించుట యందు పిల్లలకు గల ఆసక్తి లెక్కలయందు కనబడదు. క్రింద తేలిన లేతగులాబి చర్మము కొన్ని నెలలపాటు ఎండకు త్వరగా నల్లబడును, గనుక కొంతకాలము దానిని కప్పియుంచుట మంచిది. అది ఎండి దురద పెట్టుచున్నప్పుడు నాయనమ్మ కొబ్బరినూనె సీసా తీసినచో ఎవ్వరును అడ్డు చెప్పనక్కరలేదు.