నిప్పువంటి మాటలు

ఆంగ్లమున వ్యాసము వ్రాయు బాలురు కొందఱు ‘ఫైర్’ అను మాట చివర ‘వై’ అను అక్షరమును తగిలించి, నిప్పును పోలినది అను అర్థమున ఒక విశేషణమును కల్పించుకొందురు. మాట ఉన్నదే, వ్రాత మాత్రము వేఱు. నిఘంటువులలో అది ‘ఎఫ్, ఐ, ఇ, ఆర్, వై’ అని యుండును. పూర్వము ఆంగ్లేయులు నిప్పును తెలుపు మాటను ‘ఎఫ్, ఐ, ఇ, ఆర్’ అనియు వ్రాసెడివారు. ఆ పాత వ్రాత విశేషణమున నిలిచిపోయినది.

తెలుగున ఇట్టి ప్రత్యయము లేదు. సంస్కృతమునుండి వచ్చిన ‘ఆగ్నేయము’ కలదు గాని, వాడుకలో అది చాలవఱకు దిక్కు పేరుగానే మిగిలినది. కావున మనము ‘వంటి’ అను మాట చేర్చి ‘నిప్పువంటి’ అందుము. లేదా నిప్పుతో జరుగు పనిని చెప్పి ఊరకుందుము. ఈ రెండవ మార్గమే నాకు మిక్కిలి ఇష్టము.

‘ఎండ నిప్పులు చెరుగుచున్నది’ అను మాటనే చూడుడు. చెరుగుట యనగా ధాన్యమును చేటలో పోసి, ఎగురవేయుచు, పొట్టును తాలును పోగొట్టుట. గుడివాడ పొలములలో కళ్ళము చూచినవారికి, ఆ పొట్టు ఎగిరి మోముమీద పడుట తెలియును. సూర్యుడు చేట పట్టి నిప్పులు చెరుగగా ఆ రవ్వలు మనపై రాలుచున్నవని భావము. వరి పండించినవారి నోటనే పుట్టదగిన మాట యిది.

ఇది ఉత్త అతిశయోక్తియు గాదు. కృత్తికా నక్షత్రమునకు అధిదేవత అగ్ని. ఆ కార్తె మే నెల నడుమ వచ్చును. దాని వెనుకనే రోళ్ళు పగులునని పేరుపడిన రోహిణి. బందరువారిని మధ్యాహ్నపు సముద్రపుగాలి కొంత కాపాడును. పడమటి వడగాలి దానిని అడ్డగించిననాడు తీరమును కాగిపోవును. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా మరణించిరి.

మనుష్యులను గూర్చి చెప్పునపుడు మాత్రము జాగ్రత్త వలయును. ‘నిప్పు’ అచ్చతెలుగు, ‘అగ్గి’ సంస్కృతపు అగ్నికి తద్భవము. రెండును ఒకటే యని తలపకుడు. ‘మా కరణము నిప్పువంటివాడు’ అనిన, లంచము ముట్టనివాడని మెచ్చుకొనుట. ‘అగ్గిమీద గుగ్గిలమైనాడు’ అనిన, కోపము పట్టలేకపోయెనని చెప్పుట. గుగ్గిలము చెట్టుబంక, నిప్పుపై చల్లినంతనే భగ్గుమనును. మెప్పునకు నిప్పును ఏల ఎన్నుకొనిరో ‘నిప్పుకు చెదలంటునా?’ అను సామెత తెలుపును. తడి నేలగల ఈ సీమలో ద్వారబంధములను, పుస్తకములను చెదలు తినుట ఎవరెఱుగరు? చెదలు చేరలేనిది నిప్పొక్కటే.

ఇక ‘నివురుగప్పిన నిప్పు’. నివురనగా బూడిదపొర. అగ్గిపెట్టె అరుదైన కాలమున ఇల్లాండ్రు రాత్రి పొయ్యిలోని కణికలను బూడిదతో కప్పి, ఉదయమున ఊది రాజేసెడివారు. శాంతముగా కనబడుచు లోన శక్తిగల మనుష్యునికి ఆ పేరు వచ్చినది. అయితే దివిసీమలో తాటాకు ఇండ్లు, గడ్డి ఇండ్లు వరుసగా నుండిన పల్లెలలో ఇది హెచ్చరికయు అయినది. ఆరినదని పెరటిలో పాఱబోసిన బూడిదలో ఒక్క కణిక మిగిలి, పడమటి గాలి లేచినచో, వాడయంతయు అంటుకొనును. అందుచేత వేసవిలో పెద్దలు బూడిదపై నీళ్ళు చల్లించి, చేయి పెట్టి చూచి గాని బయట పోయనిచ్చెడివారు కారు.