మహమ్మారిపై ఇబ్నుల్ ఖతీబ్ పరిశీలన

హిజ్రీ 749 (క్రీ.శ. 1348)లో అందులూసియాలో ప్లేగు ప్రవేశించింది. రోగం అంటుకోవడమనేది లేదన్న హదీసును ఆధారం చేసుకొని, జాగ్రత్తలు అనవసరమని కొందరు ఫత్వాలిచ్చారు. గ్రనడా వైద్యుడు, తరువాత మంత్రి అయిన లిసానుద్దీన్ ఇబ్నుల్ ఖతీబ్ ఈ విషయమై ఒక చిన్న గ్రంథం వ్రాశారు.

ఆయన చేసిన పని, రోగితో మెలగినవారిని, మెలగనివారిని విడదీసి చూడటం. మెలగినవారిలో అధికులు మరణించారు, దూరంగా ఉన్నవారు బ్రతికారు. దుస్తులు, పాత్రలు, చివరకు చెవి కమ్మ ద్వారా సైతం రోగం ఇల్లు మారింది. ఆరోగ్యంగా ఉన్న రేవులో, తెగులు సోకిన ఊరి మనిషి దిగిన తరువాతనే వ్యాధి పుట్టింది. మొరాకోలోని సలా పట్టణంలో ఒక భక్తుడు ఆహారం నిల్వ చేసుకొని, తలుపులు మూసుకొని, ఇంటిల్లిపాదితో క్షేమంగా ఉన్నాడు. నేటి పరిశోధకులు వ్యాధి చెలరేగిన చోట మొదట అడిగేవి ఇటువంటి ప్రశ్నలే. ప్లేగు క్రిమి 1894లో గాని హాంకాంగ్‌లో బయటపడలేదు. ఎలుకల మాట ఆయనకు తెలియనే తెలియదు.

ఇక హదీసు సంగతి. ఆయన దానిని త్రోసివేశారనుకోవడం పొరపాటు. ప్రత్యక్షానుభవానికి బాహ్యార్థం విరుద్ధమైనప్పుడు, ఆ వాక్యానికి తావీల్ చేసుకోవాలన్నారు, అంటే మరొక అర్థం గ్రహించాలన్నారు. ప్లేగు ఉన్న ఊరికి వెళ్లవద్దని, ఉన్న ఊరు విడిచి పారిపోవద్దని ఆదేశించినవారు కూడా ఆ ప్రవక్త (స)యే కదా!