చైనా వైద్యవిద్య: తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్నలు
విద్య కోసం చైనాకైనా వెళ్ళాలన్న మాట మన ఇళ్ళలో తరచూ వినబడుతుంది. దాన్ని ప్రామాణిక హదీసుగా పండితులు అంగీకరించలేదు. అయినా ఎంబీబీఎస్ కోసం మన యువత నిజంగానే చైనా దారి పట్టింది. 1959లో కాకతీయ వైద్య కళాశాల వెలసిన వరంగల్‌లో, ప్రభుత్వ సీటు అందని, ప్రైవేటు ఫీజు భరించలేని కుటుంబాలకు అదొక ఆశ.

విద్యార్థుల ప్రవేశాల నిమిత్తం అక్కడికి వెళ్ళే విద్యావేత్తలు మహాకుడ్యాన్నీ, షియాన్‌లోని పురాతన మస్జిద్‌నూ చూసి రావడం సహజమే. అయితే తల్లిదండ్రులకు ఆ ఫొటోలు చూపితే చాలదు. బోధన ఆసాంతం ఆంగ్లంలోనేనా? రోగులతో మాట్లాడేందుకు చైనా భాష నేర్పుతారా? 2021 నిబంధనలు కోరే 54 నెలల చదువు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉన్నాయా? నీట్ అర్హత లేనివారికి, తిరిగివచ్చాక స్క్రీనింగ్ పరీక్షలో నెగ్గనివారికి ఇక్కడ వైద్యం చేసే అర్హత దక్కదు.

2020లో కరోనా వల్ల స్వదేశం చేరిన విద్యార్థులకు 2022 ఆగస్టు వరకు వీసాల ద్వారం తెరుచుకోలేదు. ఆన్‌లైన్ పాఠాలు రోగి పడక ప్రక్కన నేర్చే విద్యకు సాటిరావు.

బిడ్డ భవిష్యత్తు ఒక అమానతు. దాన్ని ఇతరుల చేతిలో పెట్టేముందు ఈ ప్రశ్నలకు లిఖితపూర్వకంగా సమాధానాలు తీసుకోవడం తల్లిదండ్రుల బాధ్యత. ఇవ్వడం పిల్లలను పంపేవారి ధర్మం.