టర్బో గొట్టమునకు పట్టీ చుట్టవచ్చునా?

సంగారెడ్డి నుండి మద్నూరు మీదుగా దెగ్లూరు, నాందేడు పట్టణముల వైపు పోవు 161వ జాతీయ రహదారిపై రేయింబవళ్లు లారీలును, కార్లును సాగుచుండును. వీనిలో నేటి డీజిలు బండ్లు చాలవరకు టర్బో ఇంజనులు గలవి. ఎండకాలమున బండి బలము తగ్గినట్లు తోచినప్పుడు, ఇంటర్‌కూలరు గొట్టములకు హీట్‌ర్యాప్ అను పట్టీని చుట్టించిన మేలని కొందరు చెప్పుదురు. ఇది గాజునారతో నేసిన వేడి నిరోధకము. దీనికై ధనము వెచ్చించుటకు ముందు లాభనష్టములను విచారించుట యుక్తము గదా!

స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో టర్బో పద్ధతికి పేటెంటు పొందెను. ఇంజను విడుచు పొగ యొక చక్రమును త్రిప్పును. అదే ఇరుసుపై నున్న మఱియొక చక్రము బయటిగాలిని నొక్కి ఇంజనులోనికి పంపును. గాలి యెక్కువైనచో ఇంధన మెక్కువ మండి బలము హెచ్చును. కాని నొక్కిన గాలి వేడెక్కును. సైకిలు పంపుతో గాలికొట్టునపుడు పంపు కాలుట మన మెఱిగినదే. 40 డిగ్రీల గాలిని పీడనము రెట్టింపగునట్లు నొక్కినచో, లెక్క ప్రకారము 108 డిగ్రీలగును. ఏ యంత్రమును పరిపూర్ణము గాదు గనుక వాస్తవముగ నింకను హెచ్చును. వేడిగాలి పలుచన. అందుచేత దానిని చల్లార్చుటకు ఇంటర్‌కూలరు నమర్చిరి.

కావున గొట్టములు రెండు. టర్బో నుండి ఇంటర్‌కూలరునకు వేడిగాలిని గొనిపోవునది మొదటిది. అచటినుండి ఇంజనునకు చల్లారిన గాలిని తెచ్చునది రెండవది. ఈ భేదమును మఱచుటచేతనే వాదము పుట్టుచున్నది.

గొంగడి చలికాలమున మనకు వెచ్చదన మిచ్చును. ఆ గొంగడినే మంచుగడ్డకు కప్పినచో అది త్వరగా కరగదు. గొంగడికి సొంతముగ వేడియు లేదు, చలువయు లేదు. వేడి రాకపోకలను మందగింపజేయుటే దాని పని. పట్టీయు నట్టిదే. వేడి ఎల్లప్పుడు హెచ్చుగా నున్న చోటి నుండి తక్కువగా నున్న చోటికే ప్రవహించును.

ఇంజను గదిలో 80 డిగ్రీల వేడి యున్నదనుకొందము. మొదటి గొట్టములోని గాలి అంతకంటె వేడి. అది త్రోవలోనే కొంత వేడిని వెలికి విడుచుచుండును. దానికి పట్టీ చుట్టుట, చల్లారవలసిన అన్నమునకు మూతపెట్టుట వంటిది. పొగగొట్టమునకు మిక్కిలి దగ్గరగ పోవు భాగమునకు దక్క అది పనికిరాదు.

రెండవ గొట్టములోని గాలి 60 డిగ్రీలున్నచో బయటివేడి లోనికి చొరబడును. ఇచట పట్టీ సహాయపడును, కాని యెంత? రెండు లీటర్ల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు, 5 సెంటీమీటర్ల వ్యాసముగల గొట్టములో గాలి సెకనుకు సుమారు 25 మీటర్లు పోవును. మీటరు గొట్టమును సెకనులో ఇరువదియైదవ వంతున దాటు గాలికి వేడెక్కుటకు వ్యవధి యేది? ఆ వేడిమి సాధారణముగ ఒకటి రెండు డిగ్రీలకు మించదు. మూడు డిగ్రీలు తగ్గించినను గాలి చిక్కదనము నూటికి ఒక వంతు మాత్రమే పెరుగును. బండి నిలిచియున్నపుడు గాలి మెల్లగ పోవును గనుక వేడి యెక్కువగా నెక్కును. కాని బండి వేగమందుకొనగానే కొత్తగాలి దానిని సరిచేయును.

అట్లయిన చేయదగిన దేమి? వేడికి మూలమైన టర్బో పొగభాగమునకును, గొట్టమునకును నడుమ రేకు అడ్డము నిలుపుట మేలు. పత్తిబండ్లు తిరుగు ఈ ప్రాంతమున దూదిపింజలు, దుమ్ము ఇంటర్‌కూలరు రెక్కల నడుమ చేరి గాలిని అడ్డగించును. వానిని మెల్లగ శుభ్రపఱుపవలెను. గొట్టముల క్లిప్పులు వదులైనచో నొక్కిన గాలి కారిపోవును. పట్టీ చుట్టినచో ఆ పగులు కంటికి కనబడదు. నూనె పీల్చిన పట్టీ పొగగొట్టమునకు తగిలినచో నిప్పంటుకొను ప్రమాదమును గలదు. బండిలోని వారి ప్రాణముల ముందు ఒకటి రెండు డిగ్రీల చలువ యెంతటిది?

కావున మొదటి గొట్టమునకు పట్టీ వలదు. రెండవదానికి, పొగగొట్టము చేరువ నున్న చోట మాత్రమే, అదియు శుభ్రముగ నుంచగలిగిన యెడల చుట్టవచ్చును. చుట్టుటకు ముందు లోపలి వేడి హెచ్చా, వెలుపలి వేడి హెచ్చా యని యడుగుట మఱువరాదు.