మీకు తెలుసా? ప్రతిధ్వని చిత్రములకు కృత్రిమ మేధ తోడ్పాటు

చెన్నైకి సుమారు 1,360 కిలోమీటర్ల దూరమున, సాగరమధ్యమందున్న శ్రీ విజయపురము (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) లోని డైరీ ఫార్మ్ వంటి పేటలలో నివసించు గర్భిణులకు, నిపుణుల అభిప్రాయమునకై సముద్రము దాటుట సులభసాధ్యము కాదు గనుక, స్థానికముగా స్కానింగు చేయువారి నైపుణ్యమునకు బలము చేకూర్చు ప్రతి సాధనమును ఆదరణీయమే.

● శరీరపు మృదుకణజాలములలో సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగమున పయనించి మరలివచ్చు ధ్వనితరంగములే అల్ట్రాసౌండు చిత్రమగును. శరీరముపై ఆనించు ప్రోబు ఇసుమంత వంగినను దృశ్యము మారిపోవును.

● 2020లో అమెరికా ప్రభుత్వానుమతి పొందిన ‘క్యాప్షన్ గైడెన్స్’ అను కృత్రిమ మేధ సాఫ్ట్‌వేరు, ప్రోబును ఎటు త్రిప్పవలెనో అప్పటికప్పుడే సూచించును; స్కానింగు అనుభవము లేని నర్సులు సైతము, స్వల్పశిక్షణానంతరము, దాని సాయమున వైద్యపరిశీలనకు తగిన హృదయచిత్రములను తీయగలిగిరి.

● మద్రాసు ఐఐటీ, ఫరీదాబాదులోని టీహెచ్ఎస్‌టీఐ పరిశోధనాసంస్థల శాస్త్రజ్ఞులు భారతీయ స్త్రీల స్కాను కొలతల ఆధారముగా రూపొందించి 2024లో ప్రకటించిన ‘గర్భిణి-జీఏ2’ అను కృత్రిమ మేధ నమూనా, మలి నెలలలో గర్భస్థశిశువు వయస్సును పాశ్చాత్యుల కొలతలపై నిర్మితమైన సూత్రములకంటె సూక్ష్మముగా అంచనా వేయును.

● శిశువు తల చుట్టుకొలతను, తొడయెముక పొడవును యంత్రమే గుర్తించి కొలుచుటచే, దినమెల్ల ప్రోబు పట్టి మణికట్టును భుజమును నొప్పించుకొను సాంకేతికులకు శ్రమ తగ్గి, కాలము కలిసివచ్చును.

అయినను, రోగనిర్ణయబాధ్యత వైద్యునిదే. గర్భస్థశిశు లింగప్రకటనను నిషేధించు 1994 నాటి చట్టము, ఎంతటి మేధావియంత్రము వచ్చినను, యథాతథముగా పాటింపదగినదే.